పెట్టెల బాబాయి వాల్వులు

బృందంలో కుర్రకారంతా ఆయన్ని పెట్టెల బాబాయి అనేవాళ్లు. ఒక రాక్ గిటారిస్టు దగ్గర ఇరవై రెండేళ్లు పనిచేశాడు. వేదిక మీద గిటారిస్టు వెనక మనిషెత్తు నల్లపెట్టెలు ఉండేవి. ఆ ఆంప్లిఫయర్లను మోయించడం, వైర్లు కలపడం, కచేరీ మధ్యలో వాల్వు మాడితే పాట ఆగకుండా మార్చడం ఆయన పని. గాజుబుడ్డీల్లాంటి ఆ పాతకాలపు వాల్వులు ఎర్రగా వెలుగుతుంటే వాటి వెనక చతికిలబడి కూర్చునేవాడు. చప్పట్లన్నీ ముందువైపుకే. ఆయనకు తగిలేది వేడి.

మోతకు చెవులు మెల్లగా మొద్దుబారాయి. ముందు పిట్టల కూతలు పోయాయి, తర్వాత కాలింగ్ బెల్లు, ఆ తర్వాత ఫోన్లో మనుషుల మాటలు.

ఒకరోజు రిహార్సల్‌కి గిటారిస్టు అరచేతంత డబ్బా తెచ్చాడు.

"అన్నా, ఆ పెట్టెల సౌండంతా ఇందులోనే ఉంది. నీకిక నడుంనొప్పి తప్పింది" అన్నాడు చెవి దగ్గర గట్టిగా. మంచి మనసుతోనే అన్నాడు.

"మరి నేను కూడా ఇందులో పడతానా?" అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి ఆయనకు వెళ్లాల్సిన చోటంటూ లేకుండా పోయింది.

పెళ్లి చేసుకోలేదు. నాలుగో అంతస్తులో ఒంటిగది. తోడబుట్టింది ఒక్క అక్క, దూరపు ఊళ్లో. ఆవిడ ఫోన్ చేస్తే ఏదో ఊహించుకుని జవాబు చెప్పేవాడు. ఒకసారి ఆవిడ "మీ బావ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నార్రా" అంటే, "చాలా సంతోషం అక్కా" అన్నాడు. ఆవిడ ఫోన్లు ఆగిపోయాయి. నెల తర్వాత బావ పంపిన మెసేజీ చదివాక గానీ ఆయనకు సంగతి తెలియలేదు.

ఆ చలికాలంలో గిటారిస్టు నుంచి కబురొచ్చింది. పెద్దపెట్టెను ఒక హోటలు వాళ్లు అలంకారానికి తీసుకుంటున్నారు, లోపలి సరుకంతా తీసేసి దీపం పెడతారట. "వేరేవాళ్లయితే పగలగొడతారు, నువ్వే విప్పన్నా" అని రాశాడు.

వెళ్లాడు. గోడౌన్లో ఒక్కడే కూర్చుని ఒక్కో స్క్రూ విప్పాడు. వాల్వుల్ని పాత బనియన్లలో చుట్టి, ట్రాన్స్‌ఫార్మరు, ఒక స్పీకరుతో సహా ఇంటికి తెచ్చుకున్నాడు. ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

బీరువా చెక్కలు కోసి పెట్టె చేశాడు. పది రోజులు పట్టింది. ఫోన్‌ని వైరుతో దానికి కలిపి, స్పీకరు ఎదురుగా కూర్చుని అక్కకు ఫోన్ చేశాడు.

"ఎవరూ?" అంది అక్క. గది దద్దరిల్లింది.

"నేనే అక్కా. బావ కాలు ఎలా ఉంది?"

ఆవిడ ఊపిరి కూడా ఆయనకు వినిపించింది.

"నీకు వినపడుతోందట్రా?"

"పడుతోంది. నీకు జలుబు చేసింది."

ఆవిడ ఏడ్చింది, తర్వాత తమ్ముణ్ణి తిట్టింది, ఆ తర్వాత డాక్టరు చెప్పిన వ్యాయామం చేయనందుకు మొగుణ్ణి తిట్టింది. ముప్పావుగంట గడిచింది. తలుపు అదిరిపోతుంటే వెళ్లి తీశాడు. కింది అంతస్తు టీచరమ్మ.

"కొంచెం సౌండు తగ్గించండి!" అని అరిచింది. "అయినా మీ బావగారిదే తప్పు!"

ఫోన్ పెట్టేశాక గది మళ్లీ ఎప్పటిలా అయిపోయింది. ఇన్నేళ్లుగా అలవాటైన నిశ్శబ్దమే, కానీ ఆ సాయంత్రం భరించలేకపోయాడు. వాల్వులు చల్లారేదాకా వాటి పక్కనే కూర్చున్నాడు. తర్వాత లేచి, అక్కవాళ్ల ఊరికి బస్సులు ఎప్పుడెప్పుడున్నాయో కనుక్కుందామని చెప్పులేసుకుని మెట్లు దిగాడు.