మావయ్య కంప్యూటర్‌లోని ఊరు

మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను విజయనగరంలో లైబ్రరీ మెట్ల మీద ఉన్నాను. "మీ మావ ఎల్లిపోనాడే," అంది. ఫోన్లో వాళ్లింటి ఫ్యాన్ తిరిగే చప్పుడు వినిపిస్తూ ఉంది.

ఆయన మా అమ్మకు అన్న. చీపురుపల్లిలో రైల్వే గుమాస్తాగా పనిచేసి, రిటైరయ్యాక మా బాప్టిస్టు సంఘానికి కార్యదర్శి అయ్యాడు. పని వెతుక్కుంటూ ఊరు వదిలిన సంఘస్థులు చాలామంది. సూరత్ మిల్లుల్లో కొందరు, చెన్నైలో ఇళ్లు కట్టే పనుల్లో కొందరు, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో ఇంకొందరు. శనివారం సాయంత్రం మావయ్య స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని వాళ్లందరికీ కలిపి ఒక మెయిల్ రాసేవాడు. ఎవరికి పెళ్లి కుదిరింది, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, పోయిన ఆదివారం ప్రసంగం ఎంత పొడుగు సాగింది. మెయిలుకు చొక్కా ఎందుకని అత్త అడిగితే, "ఇంతమంది ఎదటికి బనీనుతో ఎల్తానేటి?" అనేవాడు.

ఆ మెయిళ్లు వెళ్లే చిరునామాల్లో ఇంటిపేర్లు ఉండేవి కావు. నరసన్నపేట బావ, రామతీర్థం చిన్నక్క, సూరత్ తమ్ముడు. పిలిచే పేరుతోనే అందరినీ దాచుకున్నాడు. సంఘంతో తగువుపడి వెళ్లిపోయినవాళ్లూ అందులో ఉన్నారు. వాళ్లకూ శనివారం మెయిల్ వెళ్లేది.

కాన్వెంటు సెలవుల్లో నేను పుస్తకం పట్టుకుని మూల కూర్చుంటే, లేపి తన లైనక్స్ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేవాడు. డిగ్రీలో నాకు లాప్‌టాప్ వచ్చినప్పుడు దాన్లోనూ అదే మెయిల్ ప్రోగ్రామ్ పెట్టించాడు. అది మెయిళ్లను, చిరునామాలను ఒక డేటాబేస్ ద్వారా చూపిస్తుంది. ఆ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ కావచ్చు, అంటే వెనక ఎప్పుడూ నడుస్తూ ఉండే సర్వర్. లేదా ఎస్‌క్యూలైట్ కావచ్చు, అంటే ఒకే ఒక్క ఫైలు. నాకు రెండోది ఎంచాడు.

"నీకిది సాలు. నీకున్నది నలుగురు."

"ఆరుగురు మావయ్యా."

"అందులో ఇద్దరు మీ కాన్వెంటు సిస్టర్లు. ఆలు లెక్కలోకి రారు."

"మరి నీకు?"

"నాకు ఊరంతా ఉన్నారే. నాకు పెద్దదే కావాల."

ఏదైనా ఆగిపోతే నేను గబగబా అన్నీ నొక్కేసేదాన్ని. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "ముందు లాగ్ సదువు, అది దీని డైరీ. ఏటైనాదో అదే సెప్తాది." ఇంకొకటి కూడా అనేవాడు. "దేన్నీ తుడవకే. పేరు మార్సి పక్కన పెట్టు." డేటాబేస్‌లో కనిపించేది మనుషుల నీడేనని, అసలు మనుషులు ఒక ఫోల్డర్‌లో, ఒక్కొక్కరు ఒక్కో చిన్న ఫైలుగా ఉంటారని చెప్పాడు. అది వినగానే నా ఊహలో చీకటి గదిలో వరసగా పడుకున్న మనుషులు కనిపించారు. ఎవరూ మేలుకోలేదు.

నేను చీపురుపల్లి చేరేసరికి ముందు గదిలో, మావయ్యను ఉంచిన ఐస్ బాక్సు చుట్టూ ఆడవాళ్లు సన్నగా కీర్తన పాడుతున్నారు. మావయ్యకు శనివారం చొక్కా తొడిగారు. అత్త నన్ను లోపలికి తీసుకెళ్లి కంప్యూటర్ చూపించింది.

"రేపు మూడింటికి భూస్థాపన. ఫోన్లో ఉన్నోలకి సెప్పీసినాం. మిగతావోలందరూ ఈ పెట్టిలోనే ఉన్నారు. ఆలకి తెలీకుండా మీ మావని మట్టిలో పెట్టనేను."

ప్రోగ్రామ్ తెరిచాను. తెరంతా బూడిద రంగు. సర్వర్ మొదలుకాలేదని ఒక్క వరుస. ఉదయం కరెంటు పోయి వచ్చిందట, చావింటి గొడవలో ఎవరూ ఇటు చూడలేదు.

లాగ్ చదివాను. మైఎస్‌క్యూఎల్ ఫైళ్లు పాడయ్యాయి. పాత డేటాబేస్ ఫోల్డర్‌ను తుడవలేదు, పేరు మార్చి పక్కన పెట్టాను. సెట్టింగుల ఫైల్లో, ఏ డేటాబేస్ వాడాలో చెప్పే డ్రైవర్ అన్న చోట, ఎస్‌క్యూలైట్ అని రాశాను. మళ్లీ మొదలుపెట్టాను.

తెర తెల్లగా, ఖాళీగా ఉంది. పక్క గదిలో కీర్తన ఇంకో చరణానికి వెళ్లింది. అంతలో, మనుషులుండే ఆ చిన్న ఫైళ్లలోంచి ఒక పేరు వచ్చింది. రామతీర్థం చిన్నక్క. కాస్త ఆగి ఇంకొకటి. తర్వాత, ఆదివారం గుడిలోకి వచ్చినట్టే, ఏ వరసా లేకుండా, ఒకరి వెనక ఒకరు. అత్త నా భుజం మీద చెయ్యి వేసి ఒక్కొక్కరినీ మెల్లగా చదివింది. ఊరంతా ఆ ఒక్క ఫైల్లో పట్టారు.

మెయిల్ రాయబోతుంటే అత్త ఆపింది. "ఆగవే. పైన ఆయన పేరే పడతాది గదా. 'నేను పోనాను' అని ఆయనే రాసినట్టుంటాది. జడుసుకుంటారు." అని, పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నీ పేరెట్టు."

అంతమందికి నేనెప్పుడూ ఏమీ చెప్పలేదు. మావయ్య మేనకోడలిని అని మొదలుపెట్టి, మూడు వాక్యాలు రాసి, కింద నా పేరు పెట్టి పంపాను.

జవాబులు ఆయన ఖాతాకే వచ్చాయి. చాలామంది నాకు రాశారు. కొందరు మాత్రం, అలవాటు వల్లేనేమో, ఆయనకే రాశారు. అన్నిటికన్నా పైన నరసన్నపేట బావది, ఒక్క వరుస, మందపాటి నల్లటి అక్షరాల్లో, ఇంకా ఎవరూ తెరవనట్టు:

"బస్సెక్కినాను బావా. నేనొచ్చీవరకూ ఉండు."