రెండో పిలుపు

నా చిన్నప్పుడు మా ఇంటికి పొలం కంటే పేరే ఎక్కువ మిగిలి ఉంది. మా ముత్తాత మునసబు, ఆయన తర్వాత మా తాతయ్య మునసబు. మా కోట ఊరి చుట్టుపక్కల ఏ తగవైనా ఒకప్పుడు మా అరుగు మీదే తీరేదట. నాకు ఊహ తెలిసేసరికి భూములు చాలావరకు పోయాయి. మర్యాదలు మాత్రం పోలేదు.

వాటిలో ఒకటి రెండో పిలుపు. ముందుగా వచ్చి బొట్టు పెట్టి పెళ్లికి చెప్పి వెళ్లడం అందరికీ ఉండేదే. మా ఇంటికి మాత్రం వడ్డన వేళకు పెళ్లివారి మనిషి మళ్లీ వచ్చి, ఆకులు వేశాం, లేవండి అనాలి. అంతవరకూ మేం కదలం.

ఆ రోజు వీధి చివర పెళ్లి. మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. పొద్దున్నే కట్టిన పట్టు పరికిణీ జరీ నడుముకు గీరుకుంటుంటే, ఆకలికి నిలవలేక గుమ్మానికీ అరుగుకీ తిరుగుతున్నాను. తాతయ్య ఉత్తరీయం వేసుకుని నిటారుగా కూర్చున్నారు. మొదటి బంతి తిన్నవాళ్లు వక్కాకు నములుతూ మా ముందునుంచే వెళ్లారు. రెండో బంతివాళ్లూ వెళ్లారు. మా కోసం ఎవరూ రాలేదు. పెళ్లివారికి ఇప్పుడు మాతో పనేమీ లేదు.

"ఆ మర్యాదనే నంజుకుని తినండి. బిడ్డ మొహం చూసినారా?" అంది నాయనమ్మ.

"పిలవని కూటికి నేను పోను," అన్నారు తాతయ్య. జారిన ఉత్తరీయం మళ్లీ భుజం మీదికి సర్దుకున్నారు.

పొద్దు వాలింది. పక్కింటి అక్క నెత్తిన గడ్డిమోపుతో పొలం నుంచి వస్తూ మమ్మల్ని చూసి ఆగింది. నా పరికిణీ వైపు, తాతయ్య ఉత్తరీయం వైపు చూసింది. ఆమెకు సంగతి అర్థమైపోయింది.

"ఇంకా ఈడే ఉండారా పెద్దయ్యా! మిమ్మల్ని పిల్చకరమ్మని పెళ్లోళ్లు నన్ను పంపించి ఎంతసేపయింది! దోవలో గడ్డి కనబడితే కోస్తా నిలబడిపోయినా. నా మతి మండ!"

నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గడ్డిమోపుతో పిలుపుకు వచ్చిన మనిషిని మా వంశంలో ఎవరూ చూసి ఉండరు. తాతయ్య ఆమెను చూశారు, నెత్తిన మోపును చూశారు. నిన్ను పంపింది ఎవరని ఒక్క మాట అడిగితే ఆయన పంతం నెగ్గుతుంది, ఆమె అబద్ధం వీధిలో పడుతుంది.

"గడ్డి బాగా దొరికిందా అమ్మణ్ణీ?" అంటూ ఆయన లేచారు.

పందిట్లో మమ్మల్ని చూసి పెళ్లిపెద్ద తడబడ్డాడు. అతను నోరు తెరిచేలోపే తాతయ్య అన్నారు: "మీ మనిషి వచ్చి చెప్పింది నాయనా. మేమే ఆలస్యం చేసినాం."

ఆఖరి బంతిలో కూర్చుని, అడుగంటిన పప్పుతో తిన్నాం.

మర్యాద అంటే ఇతరులు మనకు చెల్లించవలసినదని అంతవరకూ అనుకునేదాన్ని. మన గౌరవం కాపాడాలని వచ్చినవాళ్ల మాట పోకుండా చూడటం అంతకంటే పెద్ద మర్యాద అని ఆ పూట తెలిసింది. అది మా తాతయ్యకు ఎంత కష్టమైందో కూడా తెలుసు.

ఇప్పుడు పెళ్లి పిలుపులు ఫోనులో వస్తున్నాయి. అయినా భోజనాల వేళ నాకు కాలు నిలవదు. ఎవరైనా వచ్చి మళ్లీ పిలుస్తారేమోనని వీధివైపు చూస్తాను. ఆ అభిమానం నాలో చావలేదు, చావాలని కోరుకోను కూడా. కానీ నా కోసం ఎవరైనా చిన్న అబద్ధం మోసుకొస్తే దాన్ని విప్పి చూడను.

ఆ పెళ్లి తర్వాత కొన్నాళ్లకు మా ఇల్లు అమ్మేశాం. ఇప్పుడు అందులో రొయ్యల మేత బస్తాలు పెడుతున్నారు.