ఎనిమిది వారాలు నిండేదాకా

మొన్న శనివారం హారిస్‌డేల్ షాపుల దగ్గర కూరగాయలు కొనుక్కుని కారు వైపు వస్తుంటే ఒక అమ్మాయి ఎదురైంది. మన తెలుగమ్మాయే, పాతికేళ్ళుంటాయేమో. జాకెట్ జిప్పు సగం తీసి లోపల కుక్కపిల్లను పెట్టుకుంది. తల మాత్రం బయటికి కనిపిస్తోంది. ఎన్ని వారాలమ్మా అని అడిగాను. "ఫైవ్ వీక్స్ ఆంటీ. ఆన్‌లైన్‌లో చూసి నిన్ననే తెచ్చుకున్నాం. సో క్యూట్ కదా," అంది. క్యూటే, కాదని ఎవరంటారు. కానీ నా నోరు ఊరుకోలేదు. ఐదు వారాలకే తల్లి దగ్గర్నుంచి తేకూడదనీ, వీలైతే వెనక్కి తీసుకెళ్ళి ఇంకో మూడు వారాలు ఉంచమని అడగమనీ, కాదంటే ఇవాళే వెట్‌కి, అదే పశువుల డాక్టరుకి, చూపించమనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "మీరు వెట్టా ఆంటీ?" అంది. యూనివర్సిటీలో లెక్కలు చెప్పేదాన్నంటే ఉన్న కాస్త నమ్మకం కూడా పోతుందని, "మా వదిన దగ్గర నేర్చుకున్నానమ్మా," అని ఊరుకున్నాను. కారెక్కాక వదినే గుర్తొచ్చింది. మా వదిన అక్కడ ఉండి ఉంటే ఆ అమ్మాయిని అలా వదిలిపెట్టేది కాదు. దగ్గరుండి కారులో ఎక్కించుకుని వెట్ దగ్గరికి తీసుకుపోయేది.

వదినంటే మావారి అక్క. కాకినాడలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక లేక" అనేది, ఆ పైన రెండో ప్రశ్న వేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. మేము ఇక్కడ ఆస్ట్రేలియాలో, పియారా వాటర్స్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఏడాది విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చింది. అప్పటికి మా వీధిలో సగం ఇళ్ళు, సగం ఇసుక. గాలి వీస్తే ఆ తెల్లటి ఇసుక కిటికీ సందుల్లోంచి వచ్చి అన్నం గిన్నెలో కూడా పడేది. ఇక్కడ చలికాలమైన జూలైలో సైతం ఆవిడ పొద్దున్నే నడకకు బయల్దేరాల్సిందే. చీర మీద మావారి ఉబ్బెత్తు పఫర్ జాకెట్, తలకు మఫ్లరు, మేజోళ్ళ మీద చెప్పులు. వీధిలో ఆస్ట్రేలియా వాళ్ళెవరైనా "మార్నింగ్, లవ్" అని పలకరిస్తే ఆగి, చేతులు జోడించి, "గుడ్ మార్నింగండీ" అనేది. ఇంతకీ ఆవిడకు కుక్కలంటే ప్రేమేమీ లేదు. ఎవరి కుక్కయినా వచ్చి చీర కుచ్చిళ్ళు వాసన చూస్తే ఇంటికొచ్చి మళ్ళీ స్నానం చేసేది. ఆ మనిషి ఒక రోజు పొద్దున మఫ్లరును మూటలా కట్టి గుండెకు హత్తుకుని గుమ్మంలో నిలబడితే, ఎవరి పెరట్లోనో కోసిన నిమ్మకాయలనుకున్నాను.

మూటలో నాలుగు కుక్కపిల్లలు. కళ్ళు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. కట్టుబడి జరుగుతున్న ఇంటి ముందు, విరిగిన ప్లాస్టర్ బోర్డు ముక్కల పక్కన అట్టపెట్టెలో పెట్టి ఎవరో వదిలేసి పోయారట. తల్లి జాడ లేదు. మావారు కాఫీ కప్పుతో వచ్చి చూసి, "ఇలాంటి జంతువుల సంగతి చూసే కౌన్సిల్ రేంజర్‌కి ఫోన్ చేద్దాం అక్కా. వాళ్ళొచ్చి తీసుకెళ్తారు. ఇక్కడ ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంటుంది," అన్నారు. "ఫోన్ తరవాత చేద్దువుగాని. ముందు ఇవి చల్లగా అయిపోయాయి, ఆ హీటరు ఇటు జరుపు," అంది వదిన. నేను ఫ్రిజ్‌లోంచి పాలు తీయబోతే వద్దని చెయ్యి పట్టుకుంది. ఏం పట్టాలో తెలిసినవాళ్ళను అడిగి అప్పుడు పడదామంది.

వాటిని వెట్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ చిన్న వయసు పిల్ల, మంచి పిల్ల. ఒక్కొక్కదాన్నీ అరచేతిలో పెట్టుకుని చూసింది. ఇంకో వారం, రెండు వారాలు దాటితే తప్ప ఏ సంగతీ చెప్పలేనంది. నాలుగింట్లోకి అతి చిన్నదాన్ని మాత్రం బల్ల మీద విడిగా పెట్టింది. నల్లగా, నేరేడుపండంత తలతో, నోరు తెరిచి ఏడ్చే ఓపిక కూడా లేకుండా ఉంది. తల్లిపాలు సరిగా అందలేదు, ఇది బతకడం కష్టం, బాధ పడకుండా ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చితేనే దానికి మేలేమో అని మెల్లగా చెప్పింది. మా వదిన బళ్ళో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన మనిషి, ఆ ఇంగ్లీషు అర్థం కాక కాదు. అయినా నా వైపు తిరిగి "ఏమంటోంది?" అంది. నేను చెప్పాను. "దాన్ని నాకిచ్చి, ఎలా పెంచాలో చెప్పమను," అంది. వెట్ నా మొహం చూసింది, నేను తల ఊపాను. ఇక ఆ పిల్ల కూడా కుర్చీ లాక్కుని కూర్చుని ఓపిగ్గా అన్నీ చేసి చూపించింది.

అలా మా ఇంటి లాండ్రీ గది పురిటిగది అయింది. వాషింగ్ మెషీన్ పక్కన పెట్టె, అడుగున తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సంచి, దాని మీద నా పాత ఉలెన్ శాలువా. ఆవుపాలు పడవు, డబ్బా పాలపొడే కలపాలి. పిల్ల ఒళ్ళు వెచ్చబడకుండా పాలు పట్టకూడదు, చల్లగా ఉన్న కడుపులో పాలు అరగవు. మన పిల్లలకు పట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టి అసలు పట్టకూడదు, బోర్లానే ఉంచి తల కొంచెం ఎత్తాలి. పాలయ్యాక గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో కింద తుడవాలి, తల్లి నాకితే తప్ప ఆ వయసులో వాటంతట వాటికి ఒకటీ రెండూ కావు. ఈ చివరి పని విన్నప్పుడు, కుక్క తగిలితే స్నానం చేసే మా వదిన ఏమంటుందోనని నేను ఓరగా చూశాను. ఆవిడ కొంగు బిగించి, దూది ఉండలు చేసి గిన్నెలో పెట్టుకుంది. కొద్ది గంటలకోసారి పాలు. నా వంతు, ఆవిడ వంతు. నా వంతుకి కూడా ఆవిడే లేచి కూర్చునేది.

మావారికి ఇదంతా నచ్చలేదు. ఆయన గనుల ఇంజనీరు, ప్రతిదీ నిలబడుతుందా కూలుతుందా అని లెక్కవేసే స్వభావం. ఒక రోజు భోజనాల దగ్గర, "అక్కా, నువ్వు బెంగపెట్టుకోకూడదని చెప్తున్నాను. అంత చిన్నవి తల్లి లేకుండా బతకవు. డాక్టరే చెప్పింది కదా," అన్నారు. వదిన ఆయన కంచంలో పులుసు వడ్డిస్తూ, గరిటె కూడా ఆపకుండా, "నువ్వు బతకలేదా?" అంది.

మావారు తల వంచుకుని అన్నం కలుపుకున్నారు. అత్తగారు మావారి పురిట్లోనే పోయారని నాకు తెలుసు. అంతకు మించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తని విషయం అది. మిగతాది ఆయనే చెప్పారు, మర్నాడు కారులో, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. ఆయనకు వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. పుట్టినప్పుడు గుప్పెడంత ఉన్నారట. వీడు దక్కే పిల్లాడు కాదని చుట్టాలు తేల్చేశారు. దక్కినా ఎవరు పెంచుతారని, పిల్లలు లేని పిన్ని ఒకావిడకు ఇచ్చేయాలని మాట్లాడుకున్నారు. వదినకు అప్పుడు పదకొండేళ్ళు. పిన్ని వాళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు పిల్లాణ్ణి ఎత్తుకుని గదిలోకి పోయి గడియ పెట్టేసుకుంది. ఉగ్గుగిన్నె, పాల చెంబు ముందే లోపల పెట్టుకుందట. ఎంతమంది తలుపు కొట్టినా తీయలేదు. చివరికి మామగారు వచ్చి, ఎవరికీ ఇవ్వను, నా మాట నమ్ము అంటే అప్పుడు తీసింది. "తీరిక లేక" అనే మాటకు అర్థం నాకు ఆ రోజు కారులో తెలిసింది. మావారు ఆ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చేతులు కడుక్కుని లాండ్రీలోకి వెళ్ళి, గచ్చు మీద కూర్చుని, "ఎలా పట్టుకోవాలో చూపించక్కా," అన్నారు.

అన్నీ దక్కాయని చెప్పలేను. పోయింది మాత్రం మేము భయపడిన నల్లది కాదు. నాలుగింట్లోకి బొద్దుగా, అందరికంటే ముందు సీసా అందుకునే గోధుమరంగుది. ఆత్రంగా తాగేది, ఒకసారి పొలమారింది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయని వెట్ చెప్పింది. మందులిచ్చింది. మర్నాటికి లేదు. పెరట్లో కంచె వారన మావారు గొయ్యి తీశారు. నాకు ఏడుపు ఆగలేదు. వదిన స్నానం చేసి వచ్చి, తడి జుట్టు ముడేసుకుని, పాలపొడి డబ్బా మూత తీస్తూ, "మిగిలినవి ఆకలికి అరుస్తున్నాయమ్మాయ్. ఏడవడానికి తీరిగ్గా ఏడుద్దాం," అంది. ఆ మాట కటువుగా అనిపించి తలెత్తి చూస్తే, ఆవిడ ఎప్పటిలాగే నాలుగింటికి సరిపడా పొడి కొలుస్తోంది.

మిగిలిన మూడూ లేచాయి. నల్లదానికి పేరు పెట్టలేదు, బుడ్డిది అనేవాళ్ళం, అదే పేరైపోయింది. పళ్ళు వచ్చాక కొత్త కష్టం మొదలైంది. తల్లి ఉంటే గట్టిగా కొరికినప్పుడు కసురుకుని లేచిపోతుందట, అలా పిల్లకు హద్దు తెలుస్తుందట. తల్లి లేని పిల్లలకు ఆ హద్దు తెలియదు. మా చేతులన్నీ గాట్లే. అవి కొరికినప్పుడల్లా కుక్కలాగే అరిచి అటు తిరిగి కూర్చోండి అని వెట్ చెప్పింది. మా వదిన చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. అరవై దాటిన సైన్సు టీచరు లాండ్రీ గచ్చు మీద మఠం వేసుకుని కూర్చుని "కుయ్" అని అరిచి, అలిగిన పెళ్ళికూతురిలా గోడవైపు తిరిగి కూర్చునేది. యూని నుంచి వచ్చిన మా అమ్మాయి గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఈజ్ అత్త ఓకే?" అని నన్ను చెవిలో అడిగింది. వదిన గోడవైపు నుంచే, "అత్త బానే ఉంది. నువ్వూ కూచుని అరువు," అంది.

కుక్కపిల్లలకు ఆరు వారాల వయసొచ్చేసరికి ఒక పెద్దాయన మా ఇంటికొచ్చారు. ఇక్కడి తెలుగువాళ్ళకందరికీ పెద్ద దిక్కు, ఎప్పుడో వచ్చి స్థిరపడిన డాక్టరు. మేము ఈ దేశంలో దిగిన కొత్తలో మమ్మల్ని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్ళి నెల రోజులు తన ఇంట్లో పెట్టుకున్న మనిషి. ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పరు, చెప్పే అవసరమూ రాదు. ఆ రోజు ఆయన చేతిలో రిబ్బను కట్టిన బుట్ట ఉంది. ఆదివారం మనవడి పుట్టినరోజనీ, ఆ నల్లదాని ఫోటో చూసి అదే కావాలంటున్నాడనీ, ఇప్పుడే తీసుకెళ్తాననీ చెప్పారు.

"ఆరు వారాలేనండీ అన్నయ్యగారూ. ఎనిమిది నిండాక రండి, నేనే ఇస్తాను," అంది వదిన.

"పాలు మానేసి అన్నం తింటున్నాయి కదా. నేను డాక్టర్ని చెల్లెమ్మా," అని నవ్వారు.

"తిండి సంగతి కాదండీ. ఎంత కొరకాలో, ఎక్కడ ఆగాలో ఇప్పుడు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటున్నాయి. తల్లి ఎలాగూ లేదు. తోడబుట్టిన రెండింటినీ కూడా తీసేస్తే దీనికి ఇంకెవరు నేర్పుతారు?"

"సండే కేక్ కటింగ్ అమ్మా. పిల్లాడికి ప్రామిస్ చేసేశాను."

"పుట్టినరోజు వచ్చే ఏడాది కూడా వస్తుందండీ. దీనికి ఈ రెండు వారాలు మళ్ళీ రావు."

ఆయన నవ్వు ఆగింది. మావారి వైపు తిరిగి, "ఏమయ్యా, నువ్వేమంటావ్?" అన్నారు. ఆ ప్రశ్నలో ఆయన ఇంట్లో మేము తిన్న నెల రోజుల భోజనమూ ఉంది. వదిన లాండ్రీ తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది, చేతులు కట్టుకుని, తమ్ముడి వైపు చూడకుండా. మావారు లేచి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డారు. "మా అక్క ఇవ్వనంటే ఇవ్వదు అంకుల్. నేనూ ఇవ్వను," అన్నారు. గొంతు పెంచలేదు, క్షమించమనీ అనలేదు. నేను కాఫీ చల్లారిపోతోందని గుర్తుచేశాను. ఆయన కప్పు ముట్టుకోకుండా బుట్ట తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ పుట్టినరోజుకు మమ్మల్ని పిలవలేదు. కుక్కపిల్ల కోసం మనుషుల్ని కాదనుకున్నారని నలుగురిలో అన్నారని తెలిసింది. "కాదనుకుంది మనం కాదుగా," అంది వదిన. ఎనిమిది వారాలు నిండిన రోజున నా చేత ఆయనకు ఫోన్ చేయించింది, ఇప్పుడు రమ్మని చెప్పించింది. ఆయన రాలేదు. ఇన్నేళ్ళయినా ఎక్కడైనా ఎదురుపడితే తల పంకించి పక్కకు తప్పుకుంటారు. ఆయన చేసిన మేలు మేము మరవలేదు. ఆ రోజు చెప్పిన జవాబు కూడా మార్చుకోలేదు. మిగతా రెండు పిల్లల్లో ఒకటి పక్కింటి ముసలాయన దగ్గరికి, ఇంకొకటి వెట్ దగ్గర పనిచేసే నర్సు ఇంటికి వెళ్ళాయి. ఇద్దర్నీ వదిన కూర్చోబెట్టి, పెళ్ళిచూపుల్లోలాగా వరసగా ప్రశ్నలు అడిగి మరీ ఇచ్చింది. బుడ్డిది మా దగ్గర ఉండిపోయింది. టీకాలకు తీసుకెళ్ళినప్పుడు ఆ వెట్ దాన్ని రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుని, వదిన వైపు చూసి, "ఐ వాజ్ రాంగ్," అంది. వదిన ఈసారి నన్ను అర్థం అడగలేదు. ఆ డాక్టరమ్మాయి భుజం తట్టింది.

ఆ ఏడాదే వీసా గడువు ముగిసి వదిన కాకినాడ వెళ్ళిపోయింది. నిన్న ఫోన్ చేస్తే, అపార్టుమెంటు కారు షెడ్డులో వీధికుక్క ఒకటి ఈనిందనీ, సెక్రటరీ వాటిని మున్సిపాలిటీ వాళ్ళకు పట్టిస్తానంటున్నాడనీ చెప్పింది. తను రోజూ పొద్దున్నుంచీ వాటి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని పేపరు చదువుకుంటోందట. ఈ వయసులో ఆ దోమల్లో ఎందుకు వదినా అంటే, "పర్లేదమ్మాయ్, ఈసారి తల్లి కూడా ఉంది, నా పని తేలిక," అని నవ్వింది. పెరగడానికి ఏ ప్రాణికైనా దాని కాలం దానికి పడుతుంది. ఆ కాలాన్ని ఎవరూ తగ్గించలేరు గానీ, అది నిండేదాకా ఆ ప్రాణిని ఎవరూ వచ్చి లాక్కుపోకుండా తలుపుకు అడ్డంగా నిలబడవచ్చునని, మా వదిన పదకొండేళ్ళప్పుడే తెలుసుకుంది.