పదకొండు లిఫ్టుల ప్రయాణం

లిఫ్టాయనకు మొండితనం పుట్టుకతో వచ్చిందని అతని వదినగారు అంటారు. పుట్టుకతో వచ్చింది కొంతే, మిగతాది ఉద్యోగం నేర్పింది. ఇరవై ఆరేళ్లుగా అతను చేస్తున్న పని ఒకటే. ఆగిపోయిన లిఫ్టు ముందు గొంతుక్కూర్చోవడం, అది కదిలేదాకా లేవకపోవడం. లోపల ఇరుక్కున్నవాళ్లు తిట్టనీ, బయట నిలబడ్డవాళ్లు బతిమాలనీ, చెవిన వేసుకోడు. బాగుచేశాక కూడా వెంటనే ఎవర్నీ ఎక్కనివ్వడు. ముందు తానొక్కడే మూడుసార్లు పైకీ కిందకీ తిరిగి రావాలి. ఊళ్లోని రైల్వేస్టేషన్ లిఫ్టులన్నీ అతని చేతికిందే ఉన్నాయి. అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ లిఫ్టాయనే.

నాలుగేళ్ల కిందట కారు ప్రమాదంలో అతని భార్య ఎడమ మోకాలు నుజ్జయింది. డాక్టర్లు లోపల కడ్డీ వేసి కాలు నిలబెట్టారు గానీ, మోకాలు మడతపడటం మానేసింది. ఎడమ మణికట్టుకు కూడా పట్టు తప్పింది. కుడిచేత్తో కర్ర పట్టుకుని నూటయాభై అడుగులు వేస్తుంది, ఐదు నిమిషాలు కూర్చుంటుంది, మళ్లీ నూటయాభై వేస్తుంది. కారులో మాత్రం ఆ కాలు పట్టదు. ముందు సీట్లో కూర్చుంటే తలుపు మూసుకోదు. వెనక సీట్లో అడ్డంగా చేరగిలబడితే రెండో మలుపుకే కడుపులో తిప్పుతుంది. ట్రాములోనో రైల్లోనో అయితే హాయిగా కాలు చాపుకోవచ్చు. అందుకని ఆ ఇంట్లో కారు ఊసే లేదు.

అది ఆమెకు పెద్ద బాధ కాదు. అసలు బాధ ఆ మరుసటి ఏడాది, లిఫ్టాయన అన్నగారి కొత్త ఫ్లాటు చూడబోయినప్పుడు జరిగింది. ఫ్లాటు మూడో అంతస్తులో. లిఫ్టు ఇంకా బిగించలేదు. "ఇంతమందిమి ఉన్నాం, ఒక్క మనిషిని ఎత్తుకుపోలేమా?" అన్నారు అన్నగారు. ఆమె వద్దు వద్దంటూనే ఉంది. నలుగురు మగవాళ్లు ఆమెను కుర్చీతో సహా పైకెత్తారు. లిఫ్టాయన వెనక నుంచి, బరువైన మోటారును పైకెక్కిస్తున్నవాడిలా, "ఎడమ పక్క దించండి! మలుపులో వంచండి! ఆగొద్దు, ఆగొద్దు!" అని కేకలు పెట్టాడు. దారిపొడుగునా పక్క ఫ్లాట్లవాళ్లు తలుపులు తీసుకుని మరీ చూశారు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

ఇంటికొచ్చాక ఒకే మాట అంది. "నన్ను సామాను చేశారండీ."

లిఫ్టాయన మంచి చేస్తున్నాననుకున్నాడు పాపం, ఎప్పుడూ మనుషులు అనుకునేట్టే. ఆ రోజు నుంచి ఆమె ఇల్లు, తను పనిచేసే కళ్లద్దాల దుకాణం, ఈ రెండూ తప్ప మూడో చోటుకు కదల్లేదు. ఎవరు పిలిచినా "చూద్దాం" అనేది. అంటే రానని అర్థం. అది అతనికి గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది.

ఆ దుకాణానికి అద్దాలు ఒక పరాయి దేశం నుంచి వస్తాయి. పెట్టెల మీద చిన్న ఊరి పేరు, నది బొమ్మ అచ్చయి ఉంటాయి. ఆ ఊళ్లో వీధికి రెండు చొప్పున అద్దాలు సానపట్టే కార్ఖానాలున్నాయని, వచ్చినవాళ్లను లోపలికి రానిచ్చి పని చూపిస్తారని ఎక్కడో చదివింది. పద్దెనిమిదేళ్లుగా ఆ పెట్టెలు విప్పుతున్న మనిషికి ఆ ఊరు ఒక్కసారి చూడాలని ఉండటంలో వింతేముంది? ఒక ఆదివారం పొద్దున, పేపరు మడిచి పక్కన పెట్టి, లిఫ్టాయన ఉన్నట్టుండి అన్నాడు.

"మీ అద్దాల ఊరికి వెళ్దాం."

"చూద్దాం" అంటుందేమోనని అతను ఊపిరి బిగబట్టాడు.

"వస్తాను," అందామె. "కానీ దారిలో ఎక్కడా, ఎవరూ నన్ను ఎత్తకూడదు. మీరు కూడా."

"ఎత్తనివ్వను."

"ఒక్కసారి ఎత్తారంటే అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాను. ఇంక ఎక్కడికీ రమ్మని జన్మలో అడగొద్దు."

"అడగను."

అంతే, లిఫ్టాయన రంగంలోకి దిగాడు. రెండు రైళ్లు, ఒక ఓడ, మళ్లీ ఒక రైలు, ఆ పైన ట్రాములు. దారి మొత్తం మీద ఆమె ఎక్కాల్సిన లిఫ్టులు, ఊళ్లోది కాక, పదకొండు తేలాయి. పదకొండింటికీ ఫోన్లు మొదలుపెట్టాడు. వాళ్లదొక భాష, ఇతనిదొక భాష. ఇద్దరికీ అరకొరగా వచ్చిన మూడో భాషలో తంటాలు పడ్డారు. "లిఫ్టు ఉంది" అంటే సరిపోదు ఇతనికి. తలుపు ఎంత వెడల్పు, లోపల కూర్చునే పలక ఉందా, చెడిపోతే ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు, నెలవారీ మరమ్మతు ఏ రోజు చేస్తారు, ఇవన్నీ కావాలి. ఓడరేవు దగ్గరి స్టేషన్‌లో ఒకావిడ నాలుగుసార్లు ఫోను పెట్టేసింది. ఐదోసారికి తల ప్రాణం తోకకొచ్చి, ఫోను తీసుకెళ్లి అక్కడి లిఫ్టు మెకానిక్ చేతిలో పెట్టింది. ఇంకేం, తప్పిపోయిన అన్నదమ్ములు కలుసుకున్నట్టయింది. బ్రేకుల గురించి, మాట వినని తలుపుల గురించి, పై అధికారుల గురించి అరగంట మాట్లాడుకున్నారు. అక్కడి లిఫ్టు మంగళవారం మరమ్మతుకు ఆపుతారని ఆ మెకానిక్ చెప్పాడు. లిఫ్టాయన ప్రయాణాన్ని మంగళవారం నుంచి బుధవారానికి జరిపాడు. ఇలాంటి సంగతి కనిపెట్టగలిగినందుకు తన భుజం తానే తట్టుకున్నాడు.

అన్నగారికిదంతా విడ్డూరంగా తోచింది. "ఒరేయ్, నలుగురు ఓ చెయ్యేస్తే రెండు నిమిషాల పని. దానికి ఆర్నెల్ల పరిశోధనేంట్రా?"

"ఆ రెండు నిమిషాలే వద్దంటోంది అన్నయ్యా," అన్నాడు లిఫ్టాయన.

అద్దాల ఊళ్లో బస కూడా అతనే చూశాడు. ట్రాము స్టాపు ఎదురుగానే ఒక చిన్న హోటలు. గ్రౌండ్ ఫ్లోర్‌లో గది. లిఫ్టుతో పనే లేదు, దాని తాతతోనూ పనిలేదు. ఎంతో సంబరంగా హోటలు ఫొటో తెచ్చి భార్య ముందు పెట్టాడు.

ఆమె దుకాణంలో అలవాటైన భూతద్దం తీసి ఫొటో మీద పెట్టింది. ఒక చోట ఆగింది.

"ఈ గోడకానించిన సైకిలు చూడండి."

"చూశాను. మంచి సైకిలే."

"దాని హ్యాండిలూ, పక్కనున్న గుమ్మం గడపా ఒకే ఎత్తులో ఉన్నాయి."

లిఫ్టాయన భూతద్దం లాక్కుని చూశాడు. వీధికీ గుమ్మానికీ మధ్య ఆరు రాతిమెట్లు. ఫొటోలో పూలకుండీలు అడ్డంగా ఉండి సగం కనపడటం లేదు గానీ, మెట్లు మెట్లే. లిఫ్టులో బతికేవాడికి గ్రౌండ్ ఫ్లోర్ అంటే సున్నా. ఆ సున్నా దాకా చేరాలన్నా మెట్లుంటాయన్న ఆలోచన ఇరవై ఆరేళ్లలో అతని బుర్రకు తట్టనే లేదు.

"వేరే హోటలు చూస్తాను," అన్నాడు గొంతు తగ్గించి. "కాకపోతే ట్రాము దగ్గర ఇంకోటి లేదు. మెట్ల మీద వాలుగా చెక్క ఏదైనా వేయించి..."

"ఆగండి," అందామె. ఆమెకు కోపమొచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. "ఆర్నెల్ల నుంచి దేశదేశాల వాళ్లకీ ఫోన్లు చేస్తున్నారు. ఎన్ని మెట్లు ఎక్కగలవని నన్ను ఒక్కసారైనా అడిగారా?"

"ఎన్ని ఎక్కగలవు?"

"నాకూ తెలీదు. నాలుగేళ్లుగా ఎవరు ఎక్కనిచ్చారు గనక!"

హోటలుకు ఫోను ఆమే చేసింది. అవతలి మనిషి క్షమాపణలు మొదలుపెట్టబోతే మధ్యలోనే ఆపి ఒకే ప్రశ్న అడిగింది. మెట్లకు పట్టుకునే కమ్మీ ఉందా, ఉంటే ఏ పక్కన? లోపలికి వస్తుంటే కుడి పక్క, అన్నారు. "అయితే ఆ గదే ఉంచండి," అని పెట్టేసింది.

వాళ్లుండేది కింది ఇల్లే. ఆ సాయంత్రమే ఆమె పై వాటాలకు వెళ్లే మెట్ల దగ్గరికి నడిచింది. కర్ర భర్త చేతికిచ్చి, కుడిచేత్తో కమ్మీ పట్టుకుంది. ముందు కుడికాలు మెట్టు మీద పెట్టడం, ఒంటి బరువంతా చేతి మీద వేసి లేవడం, కొయ్యబారిన ఎడమకాలిని పక్కకు తిప్పి పైకి లాక్కోవడం. ఒక్క మెట్టు. మొదటిరోజు ఆరు మెట్లకు పన్నెండు నిమిషాలు పట్టింది. నుదుటి మీద చెమట చెంపలదాకా కారింది. పై వాటా పెద్దావిడ తొంగిచూసి, "అయ్యయ్యో, చూస్తూ నిలబడ్డారేంటయ్యా, పట్టుకోండి!" అని గగ్గోలు పెట్టింది. లిఫ్టాయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక దాన్ని ఇంకోదానితో గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. జీవితంలో అంత కష్టమైన పని అతనెప్పుడూ చెయ్యలేదు.

మూడు నెలలు, ఆదివారాలు కూడా మానకుండా ఎక్కింది. చివరికి మధ్యలో రెండుసార్లు కమ్మీకి ఆనుకుని సేదదీరి, పద్నాలుగు మెట్లు ఎక్కేదాకా వచ్చింది.

బుధవారం రానే వచ్చింది. పొద్దున్నే ట్రామెక్కి, రైలుకు నలభై నిమిషాల ముందే స్టేషన్‌కు చేరారు. రైలు పై ప్లాట్‌ఫాం నుంచి బయల్దేరుతుంది. లిఫ్టాయన రెండు సంచులూ భుజాన వేసుకుని, సొంత ఇంట్లోకి వెళ్తున్నవాడిలా లిఫ్టు వైపు దారితీశాడు. లిఫ్టు ముందు పచ్చ అట్ట వేలాడుతోంది. "మరమ్మతు జరుగుతున్నది" అని దాని మీద ఉంది.

లోపల అతని తోటి మెకానిక్ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ పాత గుడ్డ మీద బ్రేకు సామానంతా విప్పి పరిచి ఉంది.

"ఏంటిది?" అన్నాడు లిఫ్టాయన.

"మీరు రాసిచ్చిన పట్టీ ప్రకారమే అన్నా. ఈ లిఫ్టుకు నెలవారీ మరమ్మతు, బుధవారం పొద్దున. సెలవులో ఉన్నా మీ మాట జవదాటలేదు."

పదకొండు పరాయి లిఫ్టుల మరమ్మతు రోజులు కంఠస్థం పట్టిన మనిషి, ప్రయాణం బుధవారానికి జరిపినప్పుడు తన సొంత లిఫ్టు సంగతి చూసుకోలేదు. పట్టీ రాసింది తనే, సంతకం పెట్టింది తనే. ఎవర్ని తిట్టడానికీ లేదు.

"బిగించడానికి ఎంతసేపు?"

"రెండు గంటలన్నా. ముగ్గురం కలిసినా గంటన్నర."

"మెట్లు ఎన్ని?" అని వెనక నుంచి ఆమె గొంతు వినపడింది.

లిఫ్టాయనకు తెలీదు. ఆ స్టేషన్‌లో అన్నేళ్లు పనిచేసి ఒక్కనాడూ మెట్లు లెక్కపెట్టలేదు. ముప్పై నాలుగని మెకానిక్ చెప్పాడు. ఆమె మెట్ల వైపు తలెత్తి చూసింది. పద్నాలుగు దాటి ఎప్పుడూ ఎక్కలేదు. ఒక్క క్షణం పెదవి కొరుక్కుని, కర్ర భర్త చేతికిచ్చి, కుడి పక్క కమ్మీ పట్టుకుంది.

పది మెట్లు బాగానే నడిచాయి. పద్నాలుగో మెట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది. పదిహేడు దగ్గర మళ్లీ ఆగింది, ఈసారి ఎక్కువసేపు. జనం వాళ్లను తప్పుకుని పోతున్నారు, కొందరు పోకుండా నిలబడి చూస్తున్నారు. ఇరవై ఒకటో మెట్టు మీద ఉండగా పైన రైలు వచ్చి ఆగిన చప్పుడైంది. ఐదు నిమిషాలు ఆగుతుందని మైకులో చెప్పారు.

ఒక కూలీ పరుగున వచ్చాడు. వెనకే ముగ్గురు ప్రయాణికులు. నలుగురూ మంచివాళ్లే.

"మేం నలుగురం ఉన్నాం సార్. చేతుల మీద ఎత్తుకెళ్లి బండిలో కూర్చోబెడతాం. రెండు నిమిషాలు." అంటూనే కూలీ వంగాడు. ఇంకొకతను ఆమె భుజం కిందకు చెయ్యి పోనివ్వబోయాడు.

ఆమె తల తిప్పి భర్త వైపు చూసింది, అంతే.

ఈ రైలు పోతే ఓడ పోతుంది. ఓడ పోతే అవతలి రైలు, దాని వెనక పదకొండు లిఫ్టుల లెక్కా తలకిందులవుతుంది. తొమ్మిది నెలల కష్టం అతని కళ్లముందు తిరిగింది. ఈ నలుగురికీ ఊఁ అంటే చాలు, అన్నీ అనుకున్నట్టే జరుగుతాయి.

లిఫ్టాయన సంచులు మెట్ల మీద పడేసి, వాళ్లకూ ఆమెకూ మధ్య అడ్డం నిలబడ్డాడు.

"వద్దు. ఎవరూ ముట్టుకోవద్దు."

"బండి పోతుంది సార్!"

"పోనివ్వండి."

"ఇదేం మనిషమ్మా!" అంది కింద నిలబడ్డ ఒకావిడ, అందరికీ వినపడేలా. అతను జరగలేదు. పైన కూత వినపడింది. చక్రాలు కదిలాయి. ఆ చప్పుడు మెల్లగా దూరమై ఆగిపోయేదాకా అతను అలాగే నిలబడ్డాడు. కూలీ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. చూసేవాళ్లు కూడా పలచబడ్డారు.

"పోయిందా?" అందామె.

"పోయింది."

"ఓడ?"

"అదీ పోయినట్టే. రేపు పొద్దున ఇంకోటుంది. లిఫ్టులన్నీ మళ్లీ అడగాలి."

ఆమె కమ్మీ మీద నుదురు ఆనించింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి తెలియలేదు. తలెత్తాక చూస్తే రెండూ ఉన్నాయి.

"ఆ 'వద్దు' అనే మాట మూడేళ్లు ఆలస్యంగా అన్నారండీ."

"అవును," అన్నాడు లిఫ్టాయన. "ఆలస్యమే."

"తర్వాతి రైలెప్పుడు?"

"గంటంబావుకి."

"ఇంకా పదమూడు మెట్లు. చాలినంత టైముంది," అని ఆమె చెయ్యి కమ్మీ మీద ఇంకాస్త పైకి జరిపి పట్టుకుంది.