చింతపండు కుండలో రోటరు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదట్నుంచీ ఒళ్లు మంట. నేను హైస్కూల్లో సైన్సు మాష్టారిని. శ్మశానం పక్క దారిలో ఈల వేసుకుంటూ సైకిలు తొక్కినవాణ్ని. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఇన్నాళ్లూ స్టాఫ్‌రూములో కూడా ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, నమ్ముతారని భయం.

ఎనభైల నాటి మాట. మాది సత్తెనపల్లి అవతల నల్లరేగడి పల్లె. వాన పడితే ఆ రోడ్డు కాళ్ల చెప్పుల్ని లాగేసుకుంటుంది, బస్సు ఊళ్లోకి రాదు. మా మొదటి బిడ్డ ఆ రోడ్డు మీదే పోయింది. నా భార్య విజయకు తల్లి లేదు కాబట్టి పురుడు మా ఇంట్లోనే అనుకున్నాం. నొప్పులు వచ్చాక ఎక్కించిన ఎడ్లబండి సగం దారిలో బురదలో దిగబడింది. ఎద్దులు మోకాళ్ల మీద కూలబడ్డాయి. మేం ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది.

మరుసటి ఏడు వేలంలో పాత మిలటరీ జీపు ఒకటి కొన్నాను. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి, ఎంత బురదలోనైనా పోతుందన్నారు. అప్పటికి మాత్రం ట్రాక్టరుకు కట్టి ఇంటికి ఈడ్చుకొచ్చాను. అమ్మ చూసి, "ఇదేం తుక్కురా, కోళ్లు పొదగడానికా?" అంది.

మిరపకాయల బస్తాలు పెట్టుకునే రేకుల షెడ్డు కింద దాన్ని నిలబెట్టాను. బడి వదలగానే అక్కడే ఉండేవాణ్ని. తుప్పు గీకడం, కార్బొరేటరు విప్పి కిరసనాయిల్లో కడగడం, దొరకని సామాను కోసం గుంటూరు, బెజవాడ తిరగడం. అప్పటికి విజయ మళ్లీ నీళ్లోసుకుంది. వానలు ముదిరేలోపు బండి రోడ్డెక్కాలి. నిద్రలో కూడా నాకు అదే ధ్యాస.

ఇక్కడ రోటరు గురించి చెప్పాలి. ఇంజను పక్కన ఉండే డిస్ట్రిబ్యూటరు మూత లోపల తిరిగే చిన్న ముక్క అది. నాలుగు ప్లగ్గులకూ కరెంటు పంచేది అదే. మా జీపుదాని అంచు పగిలితే నేనే గమ్ముతో అతికించి, విజయ గోళ్లరంగు చుక్క ఒకటి దాని మీద పెట్టాను. అమ్మకు కూడా చూపించి, "ఇది తీసేస్తే దొంగ కూడా బండిని కదిలించలేడమ్మా" అని పాఠం చెప్పాను. ఎవరు కనబడినా పాఠం చెప్పడం నాకున్న జబ్బు.

బండి మొదటిసారి కదిలిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. తర్వాత అమ్మ గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. మా చేలో కాయలు ఒకటి రెండు మాడితే చాలు, వీధి చివర దగ్గుతారు. ఆ రోజు గుప్పెడు కాయలూ బొగ్గయ్యాయి. ఎవరికీ ఒక తుమ్మయినా రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి బలంగా ఉన్నట్టు లెక్క.

అమ్మ మొహం పాలిపోయింది. "ఒరేయ్, దీన్ని ఏదో పట్టుకుని ఉందిరా. కోడల్ని ఇందులో ఎక్కనివ్వను."

"పోయినేటి కాయలమ్మా, ఘాటు చచ్చింది" అన్నాను. ఆ కాయల పచ్చడే మధ్యాహ్నం నా నాలుక చుర్రుమనిపించింది. ఆ ముక్క మాత్రం అమ్మతో అనలేదు.

డాక్టరమ్మ చెప్పిన గడువు ఇంకా దూరంగానే ఉంది. ఈలోపు విజయను బస్సులో సత్తెనపల్లి పంపి, మా మేనత్త ఇంట్లో ఉంచాలని అమ్మ పట్టుబట్టింది. అంతలో తుఫాను వచ్చి బస్సులు ఆగిపోయాయి. ఆ వానలో ఒక మధ్యాహ్నం విజయకు నొప్పులు మొదలయ్యాయి. అమ్మ మంత్రసాని కోసం పరిగెత్తింది. నేను ఆగలేకపోయాను. పక్కింటి సుబ్బమ్మ పిన్నిని జీపు వెనక కూర్చోబెట్టి, విజయ తల ఆమె ఒళ్లో పెట్టి, ముందుకొచ్చి ఇంజను స్టార్టు చేసే హ్యాండిలు తిప్పాను. రెక్కలు పడిపోయేదాకా తిప్పితేగాని పలకని ఇంజను, ఒక్క తిప్పుకే అందుకుంది.

దారి పొడవునా బురదే. బండి పక్కకు జారుతోంది, మళ్లీ తనంతట తనే దారికి వస్తోంది. పోయినసారి ఎడ్లబండి కూరుకుపోయిన చోటు దగ్గర పడేసరికి వెనక నుంచి విజయ గొంతు వినిపించింది. "ఏమండీ, మళ్లీ ఇక్కడే ఆగిపోతామా?"

గేరు తగ్గించి యాక్సిలరేటరు తొక్కాను. బండి ఆగలేదు. ఆ తర్వాత వాగు. నీళ్లు బానెట్టు ముందుభాగాన్ని కొడుతున్నాయి. అంత నీళ్లలో ఏ పెట్రోలు ఇంజనయినా తడిసి ఆగిపోవాలి. ఇది కనీసం దగ్గలేదు. అసలు అంత నున్నగా అది ఏనాడూ నడవలేదు.

ఆసుపత్రి ముందు ఇంజను ఆపి, విజయను లోపలికి మోసుకెళ్లాను. చీకటి పడుతుండగా ఆడపిల్ల పుట్టింది. "ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు" అంది డాక్టరమ్మ. నేను వరండాలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

పొద్దున్నే అమ్మను తీసుకొద్దామని హ్యాండిలు తిప్పాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బానెట్టు ఎత్తి డిస్ట్రిబ్యూటరు మూత తీశాను. లోపల రోటరు లేదు.

ఎవడో దొంగిలించాడని తిట్టుకుంటూ ఉండగానే వాగు తగ్గిందని ఎవరిదో ట్రాక్టరు ఎక్కి అమ్మ వచ్చింది. మనవరాలి గురించి కూడా అడగకుండా కొంగు ముడి విప్పి చెయ్యి చాపింది. అరచేతిలో రోటరు. చింతపండు అంటుకుని ఉంది. దాని మీద విజయ గోళ్లరంగు చుక్క.

"తుఫాను కబురు రేడియోలో విన్న రోజే తీసి చింతపండు కుండలో దాచానురా, దీన్ని ఎక్కిస్తావని. మంత్రసాని దగ్గరికి పోతూ సగం దారిలో గుర్తొచ్చి, నీకిద్దామని పెరటి దారిన వెనక్కొచ్చా. కుండలో చెయ్యి పెట్టి దీన్ని పట్టుకున్నానో లేదో, బయట బండి మోగింది. ఇది నా చేతిలో ఉంటే నువ్వెట్టా వెళ్లావురా?"

రోటరు తుడిచి పెట్టాను. రెక్కలు పడిపోయేదాకా తిప్పాక, ఎప్పటిలాగే గొణుక్కుంటూ ఇంజను లేచింది.

తల్లీబిడ్డా ఇంటికి వచ్చిన రోజు అమ్మ మళ్లీ ఎండుమిరపకాయలతో బండికి దిష్టి తీసింది. అదే బస్తాలో కాయలు. ఈసారి వీధి వీధంతా దగ్గింది.

మెకానిక్కులను అడిగాను. రోటరు లేకుండా నడవడం కల్ల అన్నారు, బండిలో ఇంకోటి ఉండి ఉంటుందన్నారు. నేను కొన్నది ఒక్కటే. ఎవరూ లేనప్పుడు రోటరు తీసేసి చేతులు బొబ్బలెక్కేదాకా తిప్పి చూశాను, ఒకసారి కాదు. ఒక్కసారైనా మంట అందుకోలేదు. సైన్సు చెప్పి బతికినవాణ్ని, దీనికి ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు. దయ్యాల మీద నమ్మకమూ రాలేదు.

విజయ ఆ ప్రయాణం గురించి నాతో ఎప్పుడూ వాదించలేదు. ఎవరైనా మీకెంతమంది పిల్లలని అడిగితే మాత్రం, "ఇద్దరండీ, పెద్దది చెల్లెల్ని దగ్గరుండి తీసుకొచ్చింది" అంటుంది. అడిగినవాళ్లు నా వైపు చూస్తారు. పిల్లల తప్పులు దిద్దుతూ ముప్పై ఏళ్లు పనిచేశాను, ఆ మాట మాత్రం నేను దిద్దను.