ఖాళీ గడి

సార్ పోయారన్న కబురు నాకు కుప్పంలో అందింది. వక్తృత్వ పోటీలో నా వంతుకు ముందు ఇంకా ఇద్దరున్నారు. మదనపల్లె నుంచి అప్పుడే బస్సు దిగివచ్చిన మా క్లాసు అమ్మాయి నా పక్కన కూర్చుని, "పుంగనూర్లో వాళ్లింట్లో సారు పొద్దున పోయినారంట," అంది. నా పేరు పిలిచినప్పుడు నేను లేవలేదు. నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాని విద్య. దాన్ని నాకు నేర్పాలని రెండేళ్లు పాటుపడిన మనిషి ఆయన.

మదనపల్లెలో మా కళాశాలలో ఆయన జంతుశాస్త్రం బోధించేవారు. ఒక వేసవిలో దూరాన ఉన్న విశ్వవిద్యాలయానికి వెళ్లి, అణుస్థాయి పరిణామంలో ఉన్నత శిక్షణ పొంది వచ్చారు. అక్కడ కంప్యూటరు ఉంది, మాకు లేదు. "లేకుంటే ఏమమ్మా, మీరు ఆరుగురు ఉండారు గదా," అని మమ్మల్నే యంత్రంగా మార్చారు. ఒకే ప్రోటీను వేర్వేరు ప్రాణుల్లో ఎలా ఉందో గ్రాఫు కాగితపు పట్టీల మీద, ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక అక్షరం చొప్పున, గడికొక అక్షరంగా రాసేవాళ్లం. పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చి, తేడాలు లెక్కించి, ఏ ప్రాణికి ఏది దగ్గరి చుట్టమో చూపే వంశవృక్షం గీసేవాళ్లం. ఒకరు పైకి చదవాలి, మరొకరు సరిచూడాలి. పది గడులకోసారి చదివేవారు ఆగితే, సరిచూసేవారు "సరే" అనాలి. ఏ ప్రాణిలోనైనా అక్షరం లోపించిన చోట గడిని ఖాళీగా వదలాలి, చదివేటప్పుడు అక్కడ ఒక ఊపిరిసేపు మౌనంగా ఉండాలి.

పట్టీలన్నిటి అడుగున పేరు లేని పట్టీ ఒకటి ఉండేది. అది ఆ ప్రాణులన్నిటికీ మూలమైన పూర్వజీవిది, మేము ఊహించి రాసింది. దయ్యాలు వదిలించేవాళ్లతో నడివీధిలో తగువాడిన నాకు, దాన్ని చదివేటప్పుడు మాత్రం మెడ వెనక చల్లబడేది.

ఆయన నవ్వేవారు. "దెయ్యాల్లేవని సదుం ఊరిదాకా పోయి అరిసొచ్చినావు గదమ్మా. మరి దీన్ని సూసినోడు యాడుండాడు? అయినా నీ నెత్తుర్లో కూసోనుండాది సూడు."

"దీనికి సాక్ష్యముంది సార్."

"అట్లయితే దాన్ని మాట్లాడనీ. నువ్వు మాట్లాడొద్దు."

ఈ ఏడు అదే శిక్షణకు నేను దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి సొంతంగా గీసిన వృక్షం జతచేయాలి. నా వృక్షంలో తాబేలు ఎవరికీ చుట్టం కాని పరాయిదిగా తేలింది. దాన్ని సమర్థిస్తూ ఎనిమిది పుటల వాదం రాసి, మంచం పట్టి ఉన్న ఆయనకు చూపించాను. "తాబేలు అంత దూరం యాల పోతాదమ్మా? ఇంకోసారి కలిసి సదువుదాం," అన్నారు. "తప్పు చూపించండి, ఒప్పుకుంటాను," అని లేచి వచ్చేశాను. ఆయనతో నా ఆఖరి మాట అదే.

కర్మకాండ ముగిశాక ఆయన భార్య నా చేతిలో క్యాసెట్టు పెట్టారు. "నీ కోసరమే సదివినాడమ్మా. దగ్గొస్తాన్నా నిలపలేదు."

పట్టపగలు, ఎండ నిండిన ప్రయోగశాలలో టేపు పెట్టాను. ఆయన గొంతు తాబేలు పట్టీ చదువుతోంది. పది గడులయ్యాక ఆగింది. నా నోరు దానంతటదే "సరే" అంది. అది విన్నట్టే ఆయన మళ్లీ అందుకున్నారు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నాలుగో పది నడుమ హఠాత్తుగా గొంతు ఆగింది. టేపు చెడిందనుకుని, "చదవండి సార్," అని గద్దించాను. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. అదే చోట, అదే ఊపిరిసేపు మౌనం.

నా పట్టీ చూశాను. అక్కడ ఖాళీ గడి లేదు. ఆ మౌనాన్ని నేను మింగేశాను. దాని తర్వాతి అక్షరాలన్నీ ఒక్కో గడి ఎడమకు జరిగాయి, ఏదీ దేనితోనూ కలవక తాబేలు పరాయిదైపోయింది.

ఎనిమిది పుటలూ చింపేశాను. కొత్త పట్టీలో తాబేలు తన చుట్టాల చెంతకు చేరింది. గడువు ముగిసే రోజున దరఖాస్తు టపాలో వేశాను. చోటు దొరుకుతుందో లేదో తెలియదు. నేను పంపిన వృక్షంలో మాత్రం ఆ ఖాళీ గడి ఉంది.

క్యాసెట్టు చివర ఆయన ఆఖరి పది గడులు చదివి ఆగుతారు. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. గదిలో ఆయన ఊపిరి వినిపిస్తుంది, నా "సరే" కోసం ఎదురుచూస్తూ. ఆ ఒక్కటీ నేనింకా అనలేదు.