కల్వర్టు దగ్గర తెల్లతోక పిట్ట

2023 ఫిబ్రవరి చివర. మామిడి పూత రాలి పిందె కడుతున్న రోజులు. పాకాల స్టేషన్ రోడ్డులో మా నాయన పెట్టిన ఫొటో స్టూడియోను నేను నడుపుతున్నాను. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు మాకు తిండి పెట్టే పని. తెల్లవారుతూనే గుట్టల వెంబడి తిరిగి పిట్టల్ని ఫొటోలు తీయడం నాకు మొదట పిచ్చిగా ఉండేది. తర్వాత అదీ పనిలో భాగమైంది. తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి కొత్త కెమెరాలు మెడకు తగిలించుకుని వచ్చేవాళ్లను వెంట తీసుకెళ్లి, ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు ఊపిరి బిగబట్టాలో చెబుతుంటాను. చలి పోయి ఎండ ముదరక ముందుండే ఆ నెలా నెలన్నరే మాకు అసలైన సీజను.

ఆ ఏడాది నా దగ్గరికి వచ్చినవాళ్లలో మునిరత్నం అన్నను మరచిపోలేను. అన్న రైల్వేలో లోకో పైలట్, అంటే రైలింజను డ్రైవరు. ముప్పై ఏళ్లకు పైగా నడిపి రిటైరై పాకాలలో ఇల్లు కట్టుకున్నాడు. ఇంజను హోరుకు చెవులు సగం పోయాయి. వినపడనివాళ్లకు ఉండే అలవాటే ఆయనకూ ఉండేది. పక్కన నిలబడి మాట్లాడినా ప్లాట్‌ఫారం అవతలి కొసకు వినపడేది.

ఒక సాయంత్రం భార్య సరోజమ్మను వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చాడు. చేతిలో డబ్బా కూడా పూర్తిగా విప్పని కొత్త కెమెరా ఉంది.

"బాషా, నాకొక పిట్ట ఫొటో కావాల. ఒకటే పిట్ట. వేరేవి వద్దు" అన్నాడు.

"ఏం పిట్టన్నా?"

"పేరు తెలీదు. తెల్లగా ఉంటాది. తోక మూరెడు, రెండు రిబ్బన్లు కట్టినట్టు. మన ఊరు దాటినాక వంక మీద కల్వర్టు లేదూ, ఆడ పట్టాలకు అడ్డంగా పోతాది. పద్దెనిమిదేండ్లు సూసినా. ప్రతి ఏడూ ఇదే కాలంలో."

సరోజమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎవరిదో చిరిగిన పంచె గాలికి ఎగిరింటాదిలే తమ్ముడూ. పిట్టకు మూరెడు తోక యాడన్నా ఉంటాదా? ఈయప్పకు నిద్ర చాలక అట్లా కనిపించింటాది. బంధువుల పెళ్లిళ్లలో కూడా ఇదే కథ చెప్పి నవ్వులపాలయినాడు."

అన్న నవ్వలేదు. "నువ్వు నమ్ముతావా?" అని నన్నే అడిగాడు.

నమ్మాను. అది ప్యారడైజ్ ఫ్లైక్యాచర్. మగపిట్ట పెద్దదయ్యేకొద్దీ ఒళ్లంతా పాలలా తెల్లబడి, తల మాత్రం నల్లగా నిగనిగలాడుతుంది. వెనక రెండు పొడవాటి తెల్లటి ఈకలు. వంకల్లో, వాగుల ఒడ్డున చల్లటి నీడలో చలికాలమంతా ఉండి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతుంది. కంప్యూటర్లో బొమ్మ తీసి చూపిద్దామని లేచాను. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరో తీసింది నాకొద్దు. కల్వర్టు కాడిదే కావాల. రైలు ఆపి సూడలేకపోయినా, ఇప్పుడన్నా నిలబడి సూస్తా. ఈమెకు సూపించాల."

మరుసటి రోజు నుంచే బయలుదేరాం. పట్టాలకు దూరంగా, వంక వెంబడి ఒక కాలిబాట ఉంది. కానుగ చెట్లు, ఈత పొదలు, అక్కడక్కడా మామిడి తోటల కంచెలు. పిట్టల పనికి అంతకంటే మంచి చోటు మా వైపు లేదు. అయితే నాలుగు రోజుల్లోనే నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

కారణం ఆయన ఉద్యోగమే. ఇంజను క్యాబిన్లో ఇద్దరుంటారు. ఎదురుగా సిగ్నల్ కనపడగానే డ్రైవరు చెయ్యి చాపి దాని రంగు గట్టిగా చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు తానూ చూసి అదే మాట తిరిగి చెప్పాలి. కాల్ అవుట్ అంటారట. ఒకరి కన్ను పొరపాటు పడినా రెండోవారి కన్ను పట్టుకుంటుందని ఆ పద్ధతి. ముప్పై ఏళ్లు అలా చేసిన మనిషి అడవిలో మాత్రం ఊరుకుంటాడా? పాలపిట్ట కనపడితే చెయ్యి చాపి "పాలపిట్ట, ఎడమ పక్క!" అని కేక. అది కాస్తా ఎగిరిపోయేది. లకుముకి కనపడితే కేక. ముంగిస కనపడితే కేక. పైగా నేను తిరిగి చెప్పకపోతే "ఏం బాషా, సూడలేదా?" అని ఇంకో కేక.

ఇంకొక తంటా కూడా ఉండేది. ఆయన చూపు చెట్ల మీద నిలిచేది కాదు, ఎప్పుడూ బాట మీదే ఉండేది. ముళ్లకంప అడ్డముంటే "డేంజర్!" అనేవాడు. రైల్వేలో ఎర్ర సిగ్నల్ని అలాగే అంటారట. గుంతకూ అదే మాట. ఒకరోజు ఆవుపేడకు కూడా అదే కేక వేస్తే నాకు ఒళ్లు మండింది.

"పేడ కూడా డేంజరేనా అన్నా? నేల సూసేదానికి ఈడి దాకా రావల్నా? తల పైకెత్తు. నోరు మాత్రం తెరవబాకు. నువ్వు అరిస్తే ఈ వంకలో పిట్టనేది మిగలదు" అన్నాను.

పెద్దమనిషితో అలా మాట్లాడాల్సింది కాదు. ఆయన ముఖం చిన్నబోయింది. కాసేపు కెమెరా పట్టీ సవరించుకుంటూ నిలబడి, "సరేలేప్పా, నీ సెక్షన్లో నువ్వు చెప్పిందే రూలు" అన్నాడు. ఆ రోజు నుంచి పిట్ట కనిపిస్తే నా భుజం మీద ఒకసారి తట్టాలని ఒప్పందం. ఒప్పుకున్న మాట తప్పే మనిషి కాదు. మూడు వారాలు మూగవాడిలా నా వెనకాల నడిచాడు. నేనేమో శిష్యుణ్ణి దారిలో పెట్టానని లోలోపల పొంగిపోయాను.

తెల్లతోక పిట్ట మాత్రం దొరకలేదు. రెండుసార్లు దాని గరుకు పిలుపు నాకు వినపడింది, అన్నకు వినపడదు. మార్చి సగం దాటింది. ఉగాది దగ్గర పడుతోంది. ఎండ చుర్రుమనడం మొదలైంది. "వెళ్లిపోయింటాదా?" అని రోజూ అడిగేవాడు. "ఇంకో నాలుగు రోజులు సూద్దామన్నా" అనేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకే నమ్మకం పోయింది. ఇంటికి వెళ్తే సరోజమ్మ "దొరికిందా పంచె?" అని అడుగుతోందని ఆయనే చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు కానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ పొద్దు ఏడున్నర అయి ఉంటుంది. కల్వర్టుకు వందడుగుల దూరంలో వంక మలుపు తిరిగే చోట నీళ్లు కాస్త మడుగు కట్టాయి. నా భుజం మీద తట్టు పడింది. తల తిప్పి చూశాను. కానుగ కొమ్మ మీద అది కూర్చుని ఉంది. తెల్లటి తోక కిందికి వేలాడుతోంది. ఉండుండి మడుగులోకి దూకి, నీళ్లు తాకి, మళ్లీ అదే కొమ్మ మీదికి వస్తోంది. మా భాషలో ఇలాంటి కొమ్మను పర్చ్ అంటాం. పిట్ట ఒకసారి పర్చ్ కుదుర్చుకుంటే ఫొటో చేతికి వచ్చినట్టే.

అన్న నిలబడిన చోటి నుంచి అడ్డం ఏమీ లేదు. నాకు మాత్రం ఒక ఆకుల గుత్తి అడ్డం వచ్చింది. టెలిఫొటో లెన్స్, అదే దూరాన్ని దగ్గరికి లాగే ఆ పొడవాటి గొట్టం, పెట్టుకుని వ్యూఫైండర్లో కన్ను ఆనిస్తే లోకమంతా చిన్న కిటికీ అయిపోతుంది. ఆ కిటికీలో పిట్ట తప్ప ఇంకేమీ ఉండదు. కాళ్లు ఏం తొక్కుతున్నాయో కూడా తెలియదు. అలాగే కన్ను తీయకుండా ఎడమకు ఒక అడుగు వేశాను. ఇంకో నాలుగడుగులు వేస్తే ఆకులు తప్పుతాయి. రెండో అడుగు వేశాను, మూడోదీ వేశాను. నాలుగో అడుగుకు కాలు లేచింది.

"డేంజర్!"

వంక వంకంతా మారుమోగింది. నా కాలు గాల్లోనే ఆగిపోయింది. ఆలోచించి ఆగింది కాదు. మొదటి నాలుగు రోజులు ఆ కేక విని విని, ఒంటికి అలవాటైపోయినట్టుంది. చెయ్యి అదిరి బటన్ నొక్కుకుపోయింది. కెమెరా టకటకమని ఏవో తీసేసింది. కన్ను తీసి కిందికి చూశాను.

ఎండుటాకుల మధ్య, సరిగ్గా నా పాదం దిగబోయే చోట, రక్తపింజరి చుట్ట చుట్టుకుని ఎండ కాచుకుంటోంది. ఆకుల రంగే దానిదీ. కేక తర్వాత బుస మొదలుపెట్టింది. కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఒకటే బుస.

"కదలబాకు. నిదానంగా కాలు ఎనక్కి పెట్టు. ఎనక నేనుండా, దోవ బాగుండాది" అన్నాడు అన్న. ఆయన చెయ్యి నా నడుము పట్టుకుంది. ఒక్కొక్క అడుగే వెనక్కి వచ్చాం. ఆ పాము కాటు పడితే మనిషి ఏమవుతాడో మా పల్లెల్లో అందరికీ తెలుసు. బండి పెట్టిన చోటికే అరగంట నడక.

కొమ్మ ఖాళీగా ఉంది. ఎంతసేపు కూర్చున్నా పిట్ట తిరిగి రాలేదు. ఆ ఏడాది ఇక కనిపించలేదు కూడా.

కల్వర్టు నీడలో కూర్చుని ఫ్లాస్కులో టీ పోసిచ్చాడు. "నువ్వు ఫొటో తీసుకున్నావా అన్నా?" అని అడిగాను.

"లేదప్పా. పిట్ట నిండుగా కనపడింది. బటన్ నొక్కే ముందర ఒకసారి దోవ సూసుకునే అలవాటు నాకు. సూస్తే నీ కాలు లేస్తా ఉండాది." టీ ఒక గుక్క తాగి, తప్పు చేసినవాడిలా, "నోరు తెరవబాకంటివి. తెరిసేసినా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మూడు వారాలు ఆ నోరు మూయించి గొప్ప గురువునని మురిసిపోయింది నేనే కదా.

సాయంత్రం స్టూడియోలో కార్డు తెరిచి చూశాను. కేక వినగానే నా వేలు నొక్కిన ఏడు ఫొటోలున్నాయి. ఆరింటిలో ఆకులు, ఆకాశం. ఏడోదానిలో పచ్చటి చీకటి మీద అడ్డంగా ఒక తెల్లటి గీత. నీడలో వెలుతురు చాలదు కాబట్టి షట్టర్ నిదానంగా మూసుకుంటుంది. ఆ కాస్త సమయంలో ఎగిరిపోతున్న పిట్ట గీతలా సాగిపోయింది. తల లేదు, కన్ను లేదు, రెక్క లేదు. నా వృత్తిలో ఇలాంటిదాన్ని ఎవరూ చూడకముందే చెరిపేస్తాం. చెరపబోతుంటే మునిరత్నం అన్న, వెనకే సరోజమ్మ లోపలికి వచ్చారు.

అన్న కంప్యూటర్ దగ్గరికి వంగాడు.

"ఇదే" అన్నాడు. ఆ మనిషి అంత మెల్లగా మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు. "సరోజా, ఇట్లా రా. ఇంజన్లో నుంచి సూస్తే ఇట్లనే ఉండేది. అచ్చం ఇట్లనే. పద్దెనిమిదేండ్లు నేను సూసింది ఇదే."

ఆమె కళ్లజోడు పెట్టుకుని చూసింది. "ఇది పిట్టంటే ఎవరు నమ్ముతారు?" అని నవ్వబోయింది. పాము సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదని అప్పుడు నాకు అర్థమైంది. నేను చెప్పాను. ఆయన తన ఫొటో వదులుకుని అరిచాడని కూడా చెప్పాను. ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. భర్త ముఖం చూసింది, తెరమీది గీత చూసింది.

"నాకొక కాపీ తీసియ్యి తమ్ముడూ. పెళ్లిళ్లకు పోయినప్పుడు నేనే సూపిస్తా, మా ఆయన సూసిన పిట్ట ఇదని" అంది. లేచి పోతూ గడప దగ్గర ఆగి, "ఇంకెప్పుడూ ఈయప్ప నోరు ముయ్యమనబాకు" అని కూడా చెప్పింది.

అప్పటి నుంచి నా నడకల్లో పద్ధతి మారింది. నా వెంట వచ్చేవాళ్లను ఇద్దరిద్దరుగా జత చేస్తాను. ఒకరి కన్ను వ్యూఫైండర్లో ఉంటే రెండోవారి కన్ను నేల మీద ఉండాలి. ఏదన్నా కనపడితే మొహమాటం లేకుండా అరవాలి. పిట్టలు ఎగిరిపోతున్నాయని కొందరు విసుక్కుంటారు, నేను పట్టించుకోను. మునిరత్నం అన్నకు వీలైన రోజున నాకు జత ఆయనే. ఆయన "డేంజర్" అంటే, అది ఆవుపేడైనా సరే, నేనూ చూసి తిరిగి "డేంజర్" అంటాను.

ఆ ఫొటోకు ఫ్రేము కట్టించి స్టూడియోలో, నేను తీసిన మంచి మంచి పిట్టల మధ్యన పెట్టాను. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాళ్లు అడుగుతుంటారు: "ఏం బాషా, ఇన్నేండ్ల సర్వీసుండాది, షేక్ అయిన ఫొటోను గోడకు పెట్టుకున్నావే?"

"అది షేక్ కాకుండా వచ్చింటే, మీకు ఫొటో తీసేదానికి ఈడ నేనుండేవాణ్ణి కాదప్పా" అంటాను.